మధ్యాహ్నం చూసిన బడి

ఆ మూడు నెలలూ నేను కాలికి బలపం కట్టుకుని తిరిగాను. మా వైపు పల్లెల్లో ఉన్న పన్నెండు సర్కారు బాలబడుల్లో ఏది మేలో, ఏది కాదో తేల్చి చెప్పడం నా పని. మూడేళ్ళు నిండి ఐదేళ్ళు నిండని పిల్లలు వచ్చే బడులవి. ఒక గది, ఒక టీచరు, ఒక ఆయా, ముక్కులు కారుతున్న పాతికమంది పిల్లలు. పన్నెండింటిలో చివరి నాలుగింటినీ సెలవుల తర్వాత తెరవరనీ, ఆ పిల్లల్ని పక్క ఊరి బడుల్లో కలిపేస్తారనీ పని ఇచ్చిన రోజే చెప్పారు. ఎండలు మొదలైనప్పుడు పని మొదలైంది, ఎండలు ముదిరేసరికి ముగిసింది. అలసట మాత్రం ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది.

ఆ ఏడాది నేను అక్క ఇంట్లో ఉంటున్నాను. ఎందుకు ఉంటున్నానో ఇక్కడ అనవసరం. అక్క పందొమ్మిదేళ్ళుగా బాలబడి టీచరు. ఆ పన్నెండింటిలో అక్క బడి కూడా ఒకటి.

ఈ సంగతి నేను దాచలేదు. ఫారాలు తీసుకోవడానికి వెళ్ళిన రోజే జిల్లా ఆఫీసరుతో చెప్పాను.

"సార్, ఇందులో మా అక్క బడి ఉంది. దానికి ఇంకెవరినైనా పంపండి."

రిటైర్మెంటుకి ఏడాది ఉన్న మనిషి ఆయన. ఏ మాట విన్నా ఇంతకుముందే విన్నట్టు మొహం పెట్టేవాడు.

"ఇంకెవరున్నారమ్మా? ఉన్నది మీరొక్కరే. అయినా ఈ జిల్లాలో ఎవరో ఒకరి అక్కది కాని బడి ఉందా చెప్పండి. న్యాయంగా చూడండి, చాలు."

న్యాయంగా చూస్తానని నా మీద నాకు మహా నమ్మకం.

పని పద్ధతి ఇది. వారానికి రెండు రోజులు, రోజుకి రెండు బడులు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఒక్కోదాంట్లో రెండు గంటలు ఓ మూల కూర్చోవాలి. పిల్లలతో మాట్లాడకూడదు, టీచరుతో మాట్లాడకూడదు. నవ్వకూడదని ఎక్కడా రాయలేదు గానీ నేను నవ్వలేదు. పిల్లలు పూర్తి వాక్యాల్లో మాట్లాడుతున్నారా, టీచరు పిల్లల ఎత్తుకి వంగి మాట్లాడుతోందా, నేల పొడిగా ఉందా, ఇలా ముప్పై ప్రశ్నలు. అవన్నీ అయ్యాక ఫారం అడుగున ఒకే ఒక్క ప్రశ్న: ఈ రోజు చూసిన రెండిట్లో ఏది మేలు? ఒక్కో బడిని నాలుగుసార్లు చూడాలి. ఏది ఎప్పుడు చూడాలో మీ వీలు అన్నారు.

నా వీలు అంటే బస్సు వీలు. దూరపు ఊళ్ళకి పొద్దున ఏడింటికి ఒక బస్సు ఉండేది, అదే మధ్యాహ్నం తిరిగొచ్చేది. అందుకని దూరంగా ఉన్న ఆరు బడులూ పొద్దున, ఇంటివైపున్న ఆరూ మధ్యాహ్నం అని రాసేసుకున్నాను. వాటన్నిటిలో ఇంటికి దగ్గర అక్క బడి, నడిస్తే అరగంట. మధ్యాహ్నం ఏ బడిలో పని ముగించుకున్నా అక్క బడి దాకా వచ్చేదాన్ని. తను తాళం వేశాక ఇద్దరం కలిసి ఇంటికి నడిచేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ అరగంట కోసమే నేను అలా రాసుకున్నాను. అప్పట్లో నాకు రోజు మొత్తంలో బాగుండేది అదొక్కటే.

ఆ నడకకి ఒక షరతు పెట్టాను. బడి మాట ఎత్తకూడదు.

"అయితే నాకు మాట్లాడ్డానికి ఏం మిగిలిందే?" అంది అక్క.

"బావ గురకుంది కదా."

"అది రోజూ మాట్లాడుకునేంత చిన్న విషయం కాదులే" అంది.

అక్క బడికి మొదటిసారి వెళ్ళింది రెండు గంటల వేళ. పైన రేకులు, కింద సిమెంటు నేల. చాపల మీద ఇరవై మూడు మంది పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ పడి నిద్రపోతున్నారు. ఆయా గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతోంది. అక్క పొట్టి స్టూలు మీద కూర్చుని, వాచిన కాళ్ళు బకెట్లో నీళ్ళలో పెట్టుకుని, చిరిగిన బొమ్మల పుస్తకానికి అట్ట అంటిస్తోంది. నన్ను చూసి కూడా కాళ్ళు బయటికి తియ్యలేదు. తీద్దామనుకుని, తీస్తే నాటకం అవుతుందని మానేసిందని నాకు తర్వాత అర్థమైంది.

ఒక్క పిల్ల మెలకువగా ఉంది. నున్నటి గుండు. నన్నే చూస్తోంది గానీ నోరు విప్పలేదు. రెండు గంటలు అలాగే చూసింది. మూడున్నరకి మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. లేచినవాళ్ళు మత్తుగా కూర్చున్నారు, ఒకడు అమ్మ కావాలని రాగం తీశాడు, ఇంకొకడు చాప తడిపాడు. పూర్తి వాక్యాల్లో మాట్లాడుతున్నారా? లేదు. నేల పొడిగా ఉందా? లేదు. అదే రోజు పొద్దున నేను చూసొచ్చిన దూరపు బడిలో పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ లెక్కలు పాడారు. ఏది మేలు అన్నచోట ఆ బడి పేరు రాశాను. అక్క అని ఒక్క టిక్కు ఎక్కువ పెట్టనందుకు లోపల్లోపల మురిసిపోయాను కూడా.

బావ టైలరు. ఇంటి ముందు గదిలోనే మిషను. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు, "ఏం మరదలా, మా ఇంట్లో ఒకావిడ పిల్లల్ని చూస్తుంది. ఇంకొకావిడ పిల్లల్ని చూసే ఆవిణ్ణి చూస్తుంది. నన్ను చూసేవాళ్ళే కరువైపోయారు."

"మిమ్మల్ని చూడ్డానికి ఫారం ఇంకా అచ్చు కాలేదు" అంది అక్క.

అక్క నిద్రపోయాక బావ, మరునాటి ఫారాలు సర్దుకుంటున్న నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"దాని బడి ఎలా ఉంది?"

"చెప్పకూడదు బావా."

"మంచిదే. కంచె చేను మెయ్యకూడదు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకో. ఆ బడి మూస్తే మీ అక్కని వేరే ఊళ్ళో ఆయాగా వేస్తారు. టీచర్ల ఖాళీలు లేవట. ఈ వయసులో, ఆ కాళ్ళతో, ఇంకొకరి కింద నేల తుడవాలి. ఆ పిల్లలేమో లారీలు తిరిగే రోడ్డు దాటి మూడు కిలోమీటర్లు నడవాలి. మూడేళ్ళ పిల్లలు."

"నాకు తెలుసు బావా."

"తెలుసనే చెప్తున్నా" అని లోపలికి వెళ్ళిపోయాడు. 

ఆ తర్వాత మూడుసార్లు అక్క బడికి వెళ్ళాను. ఎండ పెరిగిందే తప్ప మరేం మారలేదు. రేకుల కింద పిల్లలు చెమటలు కక్కుతూ నిద్రపోయేవాళ్ళు. గుండుపిల్ల నన్ను చూస్తూ ఉండేది. ఆ పిల్లకి మాట రాదేమోనని ఫారం పక్కన చిన్నగా రాశాను కూడా. మిగతా బడుల గురించి కూడా ఇలాగే రాసుకుంటూ పోయాను. ఇంటివైపున్న వాటిలోనే మీసాల మాస్టారని ఒకాయన బడి ఉండేది. ఆయన నేను వెళ్ళిన నాలుగుసార్లూ అట్టముక్కతో నిద్రపోతున్న పిల్లలకి విసురుతూ కనిపించాడు. టీచరు పిల్లలతో మాట్లాడుతున్నాడా? లేదు అని రాశాను.

పని పూర్తయింది. వచ్చిన లెక్కల్ని వరసలో పెట్టి పన్నెండు పేర్ల జాబితా ఆఫీసులో ఇచ్చాను. మీసాల మాస్టారి బడి ఎనిమిదోది. అక్క బడి తొమ్మిదోది. గీత ఆ రెండిటి మధ్యన పడింది.

అక్కకి చెప్పలేదు. జాబితా పైనుంచి వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు. చెప్పాల్సి వచ్చినా నా నోట వచ్చేది కాదు. ఆ వారమంతా ఇద్దరం కలిసి నడుస్తున్నప్పుడు బావ గురక గురించి నేను అవసరానికి మించి మాట్లాడాను.

ఇంకో వారంలో సెలవులనగా ఒక పొద్దున అక్క కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. మంచం దిగబోయి మళ్ళీ కూర్చుండిపోయింది.

"ఈ ఒక్కపూటా నువ్వెళ్ళి బడి తెరవవే. ఆయా ఉంటుందిలే, నువ్వు ఊరికే కూర్చుంటే చాలు. నీ పని అయిపోయిందిగా, ఇంక నీకు అడ్డేముంది?"

తాళంచెవి తీసుకుని వెళ్ళాను. గది తెరిచి, చాపలు పరిచి, అక్క స్టూలు మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నరకి పిల్లలు రావడం మొదలైంది. మొదట వచ్చినవాడు గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రాడు.

"రారా" అన్నాను.

"చెప్పకుండా ఎలా వస్తాను?" అన్నాడు వాడు, నాకేదో తెలివి తక్కువైనట్టు.

ఆయా నవ్వింది. "దారిలో ఏం చూశారో చెప్తేనే లోపలికి రావాలమ్మా. టీచరమ్మ పెట్టిన పద్ధతి. చెప్పినదాన్ని బట్టి మిగతావాళ్ళు ప్రశ్నలడుగుతారు. జవాబు చెప్పాకే చాప."

వాడు, దారిలో ఒక ట్రాక్టరు ఇసుకలో దిగబడిందనీ, దాన్ని లాగడానికి వచ్చిన ఇంకో ట్రాక్టరు కూడా దిగబడిందనీ చెప్పాడు. వెనకున్నవాళ్ళు వాణ్ణి వదలలేదు. మూడోది వచ్చిందా? డ్రైవరు తిట్టాడా? ఏమని తిట్టాడు? చెప్పకూడదా, ఎందుకని? వాడు చేతులు తిప్పుతూ అన్నిటికీ జవాబిచ్చి దర్జాగా వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు, ఆ తర్వాత ఇద్దరు ఒకేసారి. ఒక్కడి నోరూ ఊరుకోవడం లేదు. గది సంతలా అయిపోయింది.

గుండుపిల్ల వచ్చింది. గడప మీద నిలబడి, నన్ను చూసి, గొంతు సవరించుకుంది.

"చీమలు ఒక రెక్కని మోసుకుపోతున్నాయి. సీతాకోకచిలకది. కింద చీమలున్నాయని దగ్గరికెళ్తేగానీ తెలీదు. దూరం నుంచి చూస్తే రెక్క ఒక్కతే ఎక్కడికో నడిచి వెళ్తున్నట్టుంది."

"మిగతా చిలక ఏదీ?" అని ఎవరో అడిగారు.

ఆ పిల్ల ఆలోచించింది. "రెక్క కోసం వెతుక్కుంటోందేమో" అంది.

మాట రాదేమో అని నేను రాసిన పిల్ల.

అందరూ లోపలికొచ్చాక ట్రాక్టరు కుర్రాడు నా వైపు తిరిగాడు. "నువ్వేం చూశావ్?"

నేను ఏమీ చూడలేదు. మూడు నెలలుగా నడిచిన దారి అది.

"ఏం లేదు" అన్నాను.

"ఏం చూడకపోతే గేటు దాకా వెళ్ళి చూసి రావాలి" అన్నారు ఇరవైమందీ ఒకేసారి. వాళ్ళు వదిలేలా లేరు. లేచి గేటు దాకా వెళ్ళాను. ఎండలో నిలబడి ఏం చూడాలో తెలియక, కొంచెంసేపు కళ్ళు తుడుచుకుని, ఒక గొడుగు కనిపించిందని అబద్ధం చెప్పి లోపలికి వచ్చాను. ఆ గొడుగు ఏ రంగుదో, ఎవరిదో, ఎండలో ఎందుకు వేసుకున్నారో అన్నీ చెప్పించుకున్నారు.

భోజనాలయ్యాక, ఆయా చాపలు దులుపుతూ అంది, "పొద్దున్నించీ మాటలతో అలిసిపోతారమ్మా. అందుకే మధ్యాహ్నం రాళ్ళలా పడి నిద్రపోతారు. నువ్వొచ్చే టైముకి ఒక్కళ్ళకీ ఒంటిమీద తెలివుండేది కాదు."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. సంచీలో జాబితా నకలు ఉంటే తీసి చూశాను. పై ఆరింట్లో అయిదు నేను పొద్దున చూసినవి. కింది ఆరింట్లో అయిదు మధ్యాహ్నం చూసినవి. మూడు నెలలు తిరిగి నేను పోల్చింది బడుల్ని కాదు, పూటల్ని.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరు అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా?"

"మళ్ళీ చూస్తాను సార్. అటువి ఇటు, ఇటువి అటు మార్చి చూస్తాను. జీతం అక్కర్లేదు."

"ఎక్కడ చూస్తారు? వచ్చే వారం సెలవులు. ఖాళీ గదుల్ని చూస్తారా? సెలవులయ్యేలోగా బదిలీలు అయిపోవాలి." జాబితా ముందుకు లాక్కున్నాడు. వేలితో కిందికి వచ్చి ఆగాడు. "మీ అక్కగారిది తొమ్మిదోదేనా? పరిశీలనలో పొరపాటు అని ఒక్క ముక్క రాసివ్వండి. ఎనిమిది తొమ్మిదవుతుంది, తొమ్మిది ఎనిమిదవుతుంది. ఒక్క మార్పంటే పైవాళ్ళు కూడా ఏమీ అనరు. అంతకంటే నా చేతుల్లో లేదు."

ఆయన చెడ్డమనిషి కాదు. నా మీద జాలిపడే అన్నాడు. సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో ఒక చుక్క కూడా పెట్టి, కాగితం నా వైపు తిప్పాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని ఊరికే అనరు. పెన్ను తీశాను. అక్క వాచిన కాళ్ళు గుర్తొచ్చాయి. బావ మాటలు గుర్తొచ్చాయి. అట్టముక్కతో విసురుతున్న మాస్టారు కూడా గుర్తొచ్చాడు, ఆయన్ని మాత్రం మర్చిపోవాలని నేను నిజంగానే ప్రయత్నించాను.

"ఎనిమిదోది కూడా మధ్యాహ్నమే చూశాను సార్" అన్నాను.

పన్నెండు బడుల మీదా నేను రాసింది చెల్లదని ఒక ఉత్తరం రాసిచ్చాను. ఆయన దాన్ని ఫైల్లో పెట్టి తాడు కట్టాడు. ఆ తాడు మళ్ళీ ఎవరైనా విప్పారో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చి, చెప్పకూడదన్న రూలు పక్కన పెట్టి, అక్కకీ బావకీ అంతా చెప్పాను. తొమ్మిదో నంబరు, పొద్దున, మధ్యాహ్నం, పెన్సిలు చుక్క, అన్నీ. బావ మిషను మీంచి కాలు తీసేశాడు.

"ఒక్క సంతకం! నీ సొంత అక్కకి ఒక్క సంతకం పెట్టలేకపోయావా? అది నీకు అన్నం పెట్టిన చెయ్యి. మీసాలాయన ఎవరు నీకు?"

"ఊరుకోండి" అంది అక్క, గోడవైపు చూస్తూ. "ఆయన దగ్గరున్నవాళ్ళు మాత్రం పిల్లలు కారా?"

అంతే అంది. ఆ తర్వాత ఆ వారం నాతో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి తప్ప ఇంకో మాట లేదు. బావ నా రవికలు కుట్టడం మధ్యలో ఆపేశాడు. నేను మిషను ఉన్న గదిలోంచి కాకుండా పెరటి గుమ్మంలోంచి తిరిగాను. ఇల్లు అదే, మనుషులం అప్పట్నించీ ముగ్గురం మూడు మూలలు.

ఆఖరి రోజు సాయంత్రం, పిలవకపోయినా, అక్క బడికి వెళ్ళాను. జాబితా అప్పటికి వచ్చేసింది, ఏమీ మారలేదు. పిల్లలు వెళ్ళిపోయారు. ఆయా కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది. బొమ్మల పుస్తకాలు రెండు సంచుల్లో కట్టి ఉన్నాయి. పెద్దది నేను అందుకున్నాను. అక్క వద్దనలేదు. తలుపు వేసి తాళం లాగి చూసింది, మళ్ళీ ఇంకోసారి లాగి చూసింది.

సగం దూరం నడిచాం. కాళ్ళ వల్ల అక్క మెల్లగా నడుస్తోంది. ఒకచోట ఆగి, సంచీ చెయ్యి మార్చుకుంది.

"ఇంక బడి లేదుగా" అంది. "బడి మాట ఎత్తొచ్చా?"

"ఎత్తక్కా."

"నువ్వు రెండోసారి వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది, అందరూ నిద్రపోయాకే వస్తావని."

"మరి నాతో ఒక్కమాట చెప్పలేదేం?"

"ఏమని చెప్పనే? ఒక్కసారి పొద్దున రా అని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే సిఫారసు అడిగినట్టుంటుంది. నీ పనికి మాట వస్తుందని ఊరుకున్నా." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "అదొక్కటే కాదులే. పందొమ్మిదేళ్ళ నుంచి అక్క పొద్దున్నే లేచి ఎక్కడికి పరిగెడుతోందో, వెళ్ళి అక్కడేం చేస్తోందో ఒకసారి చూడాలని, నీ అంతట నీకే అనిపిస్తుందిలే అనుకున్నా. ఫారం కోసం కాదు, ఊరికే. ఇవాళ వస్తావేమో, రేపు వస్తావేమోనని గేటు వైపు చూసేదాన్ని."

నాకు ఒక్కసారీ అనిపించలేదు. అదే చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, అయినా చెప్పాను.

"తెలుసు" అంది అక్క. సంచీ భుజానికి ఎత్తుకుని నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాలే నడిచాను. ఇంటికి ఇంకా పావుగంట దారి ఉంది.